ఒక్క కదలిక దొరికితే చాలు: మాట రాని పిల్లలకు, మంచాన పడ్డ పెద్దలకు స్విచ్ ఎలా అమర్చాలి?

ఒక ఇంటిని అనుకుందాం. పద్నాలుగేళ్ళ అమ్మాయి. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు, చేతులు తను చెప్పినట్టు వినవు. ఏదైనా కావాలంటే గట్టిగా అరుస్తుంది. అమ్మీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "నీళ్ళా? బాత్రూమా? ఫ్యాన్ వెయ్యనా?" అని ఒక్కోటీ అడుగుతుంది. సరైనది తగిలేదాకా అరుపు ఆగదు. ఈద్‌కు వచ్చిన చుట్టాలు "పాపం, దీనికేం తెలియదు" అని ఆ పిల్ల ముందే అనేస్తారు. ఆ మాట వినగానే ఆ అమ్మాయి మొహం అటు తిప్పేసుకుంటుంది. ఏమీ తెలియని పిల్ల మొహం ఎందుకు తిప్పుకుంటుంది?

ఇలాంటి పిల్లల కోసం, పక్షవాతంతోనో వెన్నెముక దెబ్బతోనో మంచాన పడ్డ పెద్దవాళ్ళ కోసం ఉన్న వస్తువే యాక్సెసబిలిటీ స్విచ్. పేరు పెద్దది గానీ వస్తువు చిన్నది. మన కాలింగ్ బెల్ బటన్ లాంటిదే. నొక్కినంతసేపూ లోపల రెండు తీగలు కలుస్తాయి, వదిలేస్తే విడిపోతాయి, అంతే. దాని వైరు చివర పాత ఇయర్‌ఫోన్‌లకు ఉన్నట్టే 3.5 ఎం.ఎం. పిన్ను ఉంటుంది. ఎక్కువ కంపెనీలు ఇదే పిన్ను వాడతాయి కాబట్టి ఒకరి స్విచ్ ఇంకొకరి పరికరానికి పనికొస్తుంది. స్విచ్ పెట్టుకునే వీలున్న బొమ్మకు తగిలిస్తే బొమ్మ ఆడుతుంది. గొంతు రికార్డు చేసిన డబ్బాకు తగిలిస్తే డబ్బా మాట్లాడుతుంది. ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ద్వారా కలిపితే ఫోనో, కంప్యూటరో నడుస్తుంది.

ఒక్క బటన్‌తో ఫోను మొత్తం ఎలా నడుస్తుందని అనుమానం రావచ్చు. తెర మీద ఉన్న వాటి చుట్టూ ఒక రంగు గీత పడుతుంది. ఆ గీత ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి తనంతట తనే జరుగుతూ పోతుంది. కావలసిన దాని మీదికి రాగానే స్విచ్ నొక్కాలి. దీన్నే స్కానింగ్ అంటారు. స్టీఫెన్ హాకింగ్ మాట్లాడింది ఈ పద్ధతిలోనే. 1985లో నిమోనియా వచ్చి గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయన మాట పూర్తిగా పోయింది. చేతిలో చిన్న క్లిక్కర్ నొక్కుతూ కంప్యూటర్ తెర మీద మాటలు ఏరుకునేవారు. తర్వాత్తర్వాత చెయ్యి కూడా పడిపోతే, కళ్ళజోడుకు బిగించిన సెన్సర్ ఆయన చెంప కదలికను పట్టుకునేది. ఇంటెల్ కంపెనీ ఆయన కోసం తయారుచేసిన ఏసీఏటీ అనే సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది.

బటన్ కన్నా ముందు ఒళ్ళు చూడాలి

చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. ఆన్‌లైన్‌లో పెద్ద ఎర్ర బటన్ ఫొటో చూస్తారు, అప్పో సప్పో చేసి తెప్పిస్తారు, పిల్లాడి కుడిచేతి ముందు పెడతారు. చెయ్యి బిగుసుకుని ఎటో పోతుంది, బటన్ జారి కింద పడుతుంది, పిల్లాడు ఏడుస్తాడు. వారం తిరక్కుండా అది అటకెక్కుతుంది. "మావాడికి అర్థం కాలేదండీ" అని ఒక మాట మిగులుతుంది. తప్పు పెట్టిన చోటుది, మాట పడింది మాత్రం పిల్లాడు.

స్విచ్‌కు చెయ్యే కావాలని ఎక్కడా లేదు. తల పక్కకు తిప్పడం, గడ్డం కిందికి దించడం, మోచెయ్యి, మోకాలు, పాదం, కనుబొమ్మ, ఊపిరి, ఏదైనా సరే. ఆ కదలిక తను అనుకున్నప్పుడు రావాలి, మళ్ళీ మళ్ళీ రావాలి, నొప్పి పుట్టకూడదు, మళ్ళీ మొదటి చోటికి వెనక్కి రావాలి. చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. నొక్కగలిగి వదలలేకపోతే రెండో అక్షరం దగ్గరే బండి ఆగిపోతుంది.

ఆ కదలికను కనిపెట్టాల్సింది ముందు ఇంట్లోవాళ్ళే. పదిహేను నిమిషాలు చూసే డాక్టర్ కన్నా రోజంతా దగ్గరుండే నానీకి ఎక్కువ తెలుస్తుంది. మనం అనుకున్న అమ్మాయి విషయంలో, దుబాయ్‌లో ఉన్న అబ్బా వీడియో కాల్ రింగ్ అవగానే ఎడమ మోకాలు బయటివైపుకు జరుగుతుందని పట్టుకునేది నానీయే. ఇన్నేళ్ళూ అందరూ చేతులనే చూస్తూ కూర్చున్నారు. మూడు నాలుగు రోజులు ఒక నోటుబుక్కు పెట్టుకుని, సంతోషంలో ఏది కదులుతుంది, కోపంలో ఏది కదులుతుంది, అలసిపోయాక ఏది మిగులుతుంది అని రాసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

ఇంకో మాట, కూర్చోబెట్టడం గురించి. నడుము జారిపోతూ, కాళ్ళు గాల్లో వేలాడుతుంటే ఒంట్లో ఉన్న బలమంతా పడిపోకుండా ఉండటానికే సరిపోతుంది, ఇక బటన్ నొక్కేదెక్కడ? నడుము కుర్చీ వెనక్కి ఆనాలి. పాదాల కింద పీటో, చెక్కో ఉండాలి. తల మధ్యలో నిలవాలి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కొందరికి తల ఒకవైపు తిప్పగానే ఆ వైపు చెయ్యి తనంతట తనే చాచుకుపోతుంది. పసిబిడ్డల్లో అందరికీ ఉండే రిఫ్లెక్సే అది, వీళ్ళలో పోకుండా నిలిచిపోతుంది. అలాంటి పిల్లలకు ఫోనును పక్కన పెడితే తల తిరుగుతుంది, తల తిరిగితే చెయ్యి పోతుంది. తెర ఎప్పుడూ ఎదురుగానే ఉండాలి. తల వెనక స్విచ్ పెట్టేటప్పుడూ జాగ్రత్త. కొందరిలో వెనక్కి నొక్కగానే ఒళ్ళంతా కర్రలా చాచుకుంటుంది. తల పక్కన, చెంప దగ్గర పెడితే ఆ బాధ తక్కువ.

రెండు మూడు చోట్లు అనుకున్నాక పరీక్ష పెట్టాలి, పిల్లకు కాదు, ఆ చోటుకు. ఒక్కో చోట ఇరవైసార్లు. అడిగినప్పుడు ఎన్నిసార్లు నొక్కింది, అడక్కుండానే ఎన్నిసార్లు తగిలింది, ఎన్నిసార్లు వదల్లేకపోయింది అని గీతలు గీసుకోవాలి. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున బాగా వచ్చి సాయంత్రానికి సగానికి పడిపోతే ఆ కదలిక అలసట తెచ్చేదన్నమాట. దుకాణంలో రోజువారీ లెక్క రాసుకునేవాళ్ళకు ఇది కొత్తేం కాదు. నాలుగు రోజుల అంకెలు పక్కపక్కన పెడితే ఏ చోటు మంచిదో అదే చెబుతుంది.

ఏ రకం?

చోటు తేలాక రకం తేలడం తేలిక. చెయ్యి విసురుగా, గురి లేకుండా వచ్చేవాళ్ళకు 5 అంగుళాల వెడల్పున్న పెద్ద గుండ్రటి స్విచ్ బాగుంటుంది. గురి కొంచెం ఉంటే రెండున్నర అంగుళాలది చాలు. తల పక్కనో, మోకాలి పక్కనో పెట్టడానికి చిన్నదే నయం. బలం చూడాలి. కండరాల క్షీణత ఉన్నవాళ్ళకు వేలు ఆనిస్తే చాలు పనిచేసేది కావాలి, అసలు తాకకుండా దగ్గరికి వస్తేనే పట్టుకునే సెన్సర్ స్విచ్‌లు కూడా ఉన్నాయి. ఒళ్ళు బిగుసుకుపోయేవాళ్ళకు ఇవి పనికిరావు. ఊరికే తగిలి పదిసార్లు మోగుతాయి. వాళ్ళకు కాస్త గట్టిగా నొక్కితేనే పడే బటన్ ఉండాలి. నొక్కినప్పుడు "టక్" మని చప్పుడు రావడం చాలామందికి మంచిదే, పని అయిందని తెలుస్తుంది. శబ్దానికి ఉలిక్కిపడే పిల్లలకు మాత్రం మెత్తటిది చూసుకోవాలి.

మెడ కింద ఏదీ కదలనివాళ్ళకు ఊపిరి స్విచ్ ఉంది. గొట్టంలోకి ఊదితే ఒక పని, పీలిస్తే ఇంకో పని. ఇది కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో రెజ్ మేలింగ్ అనే ఆయన 1960ల మొదట్లోనే ఇలాంటి యంత్రం తయారుచేశారు. దానికి పోసమ్ అని పేరు. గొట్టాన్ని రోజూ కడగాలి, ఇంకొకరిది వాడకూడదు.

కెమెరా కూడా స్విచ్ అవుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోను ముందు కెమెరా నవ్వును, నోరు తెరవడాన్ని, కనుబొమ్మలు ఎత్తడాన్ని, చూపు కుడికో ఎడమకో పైకో తిప్పడాన్ని స్విచ్‌గా తీసుకుంటుంది. ఐఫోన్‌లో తల కుడి ఎడమలకు తిప్పడం పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు గానీ వెలుతురు సరిగ్గా ఉండాలి, ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది, కరెంటు పోయిన రాత్రి పనికిరాదు. బయటికెళ్ళేటప్పుడు నిఖాబ్ వేసుకునే ఆడవాళ్ళకు కెమెరాతో కుదరదు, బటన్ ఒకటి కూడా ఉండాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ముందు పైసా ఖర్చు లేనిది. ఇంట్లో పాత యూఎస్‌బీ కీబోర్డు ఉంటే ఓటీజీ వైరుతో ఆండ్రాయిడ్ ఫోనుకు పెట్టండి. స్పేస్ బార్ ఒక స్విచ్, ఎంటర్ ఇంకో స్విచ్. మిగతా మీటల మీద అట్టముక్క కప్పేస్తే సరి. ఐప్యాడ్ ఉంటే తెర మొత్తాన్నే ఒక స్విచ్‌గా పెట్టుకోవచ్చు. పిల్లకు ఈ పద్ధతి పట్టుబడుతుందా లేదా అన్నది వీటితోనే తెలిసిపోతుంది.

తర్వాత చౌకవి. సెల్ఫీ తీసుకునే బ్లూటూత్ రిమోట్లు చాలావరకు ఫోనుకు వాల్యూమ్ బటన్‌లాగే కనిపిస్తాయి. కాబట్టి దాన్నీ స్విచ్‌గా పెట్టుకోవచ్చు. బటన్ మరీ చిన్నది, పైన ఓ వెడల్పు మూత అంటించాలి. కొన్ని కాసేపు వాడకపోతే నిద్రపోతాయి, అదొక చిరాకు. రాత్రిపూట పిలవడానికైతే వైర్‌లెస్ కాలింగ్ బెల్‌ను మించింది లేదు. బటన్ మంచం దగ్గర, బెల్లు అమ్మీ పడుకునే గదిలో. పక్షవాతం వచ్చిన తాత ఉన్న ఇంట్లో ఇదొక్కటి పెట్టినా ఎంత తేడా!

స్విచ్‌ను సొంతంగా తయారుచేసుకోవచ్చు కూడా. వీడియో గేముల్లో వాడే ఆర్కేడ్ బటన్, రెండు తీగల వైరు, 3.5 ఎం.ఎం. మోనో పిన్ను, ఈ మూడే సామాను. హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. బటన్ కింద మైక్రోస్విచ్‌కు మూడు కాళ్ళుంటే కామన్, ఎన్.ఓ. అని రాసి ఉన్న రెండింటికే తీగలు అతికించాలి. మూడోదానికి కలిపితే అంతా తలకిందులవుతుంది, నొక్కనప్పుడు పనిచేసి నొక్కితే ఆగిపోతుంది. మొబైల్ రిపేరు చేసే కుర్రాడికి ఇదంతా పది నిమిషాల పని. కెనడాలో నీల్ స్క్వైర్ సొసైటీ నడిపే మేకర్స్ మేకింగ్ చేంజ్ వాళ్ళు ఇలాంటి స్విచ్‌ల డిజైన్లు ఉచితంగా పెట్టారు, 3డి ప్రింటర్ అందుబాటులో ఉన్న కాలేజీ పిల్లలు చేసివ్వగలరు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ స్విచ్‌ను గోడ కరెంటుకు ఎప్పుడూ కలపకూడదు. బ్యాటరీ బొమ్మలకు, ఫోనుకు మాత్రమే. ఫ్యాను, లైటు కావాలంటే ఫోను నుంచి నడిచే స్మార్ట్ ప్లగ్ పెట్టించుకోవాలి.

విదేశీ కంపెనీల స్విచ్‌లు ఒక్కోటీ వేలల్లో ఉంటాయి. గట్టిగా ఉంటాయి, ఏళ్ళ తరబడి పనిచేస్తాయి, కాదనలేం. అయితే చోటు తేలకముందు వాటి మీద డబ్బు పెట్టడం దండగ. అంతకన్నా ముందు బిగింపు మీద ఖర్చు పెట్టాలి. ఇవాళ ఒక అంగుళం అటు, రేపు రెండు అంగుళాలు ఇటు జరిగే స్విచ్‌తో ఎవ్వరూ నేర్చుకోలేరు. మోకాలి పక్కన ఉండాలంటే వడ్రంగితో కుర్చీకి ఒక చెక్క వేయించి, దాని మీద వెల్క్రోతో అతికించాలి. బల్ల మీదైతే కింద జారని రబ్బరు షీట్. తల దగ్గరికి మొబైల్ పట్టుకునే వంగే స్టాండు పనికొస్తుందా అంటే, అది ఊగుతుంది, తల తాకిన ప్రతిసారీ వెనక్కి పోతుంది. గట్టి క్లాంపు కావాలి. సరైన చోటు దొరికాక అక్కడ పెయింటుతో గుర్తు పెట్టి, ఫొటో తీసి ఉంచితే అమ్మీ లేనప్పుడు ఖాలా అయినా అదే చోట పెట్టగలదు.

ఫోనులో అసలు చిక్కు వేగం దగ్గరే

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అందులో యాక్సెసబిలిటీ, అందులో స్విచ్ యాక్సెస్. కొన్ని ఫోన్లలో ముందే ఉంటుంది, లేకపోతే ప్లే స్టోర్ నుంచి వేసుకోవాలి. ఒక స్విచ్చా రెండా అని అదే అడుగుతుంది. ఒకటైతే గీత తనే జరుగుతుంది. రెండైతే ఒకదానితో జరపడం, ఇంకోదానితో ఎంచుకోవడం. ఐఫోన్‌లో యాక్సెసబిలిటీ కింద స్విచ్ కంట్రోల్ అని ఉంటుంది. అందులో సైడ్ బటన్ మూడుసార్లు నొక్కితే ఆగేలా షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి, లేకపోతే మీరే ఫోను నడపలేక తంటాలు పడతారు. తెర తాళం పిన్ కూడా తీసేయడం మంచిది, స్విచ్‌తో పిన్ కొట్టడం పెద్ద శిక్ష. ఈ ఫోనులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఉంచకండి.

ఇప్పుడు వేగం. "మా అమ్మాయి ఎప్పుడూ పక్కదాన్నే నొక్కుతుంది, తెలియట్లేదు" అని అనుకునే చోట చాలాసార్లు గీత వేగంగా పోతూ ఉంటుంది, అంతే. పరిశోధకులు తేల్చిన ఒక లెక్క ఉంది. మనిషి నొక్కడానికి పట్టే సమయం, గీత ఒక్కో చోట ఆగే సమయంలో సుమారు 0.65 వంతు ఉండాలి. చెయ్యాల్సింది ఇదీ: ఫోనులో వీడియో పెట్టి, "ఇప్పుడు" అన్నప్పటి నుంచి స్విచ్ పడేదాకా ఎన్ని సెకన్లో పదిసార్లు చూసి సగటు తియ్యాలి. 1.3 సెకన్లు వచ్చిందనుకోండి, 0.65తో భాగిస్తే 2 సెకన్లు. మొదట్లో ఇంకో సెకను ఎక్కువే ఇచ్చి, అలవాటయ్యాక తగ్గించుకోవచ్చు. చెయ్యి వణికి రెండుసార్లు పడితే, వెంటవెంటనే వచ్చే రెండో నొక్కును పట్టించుకోవద్దని చెప్పే సెట్టింగ్ ఉంది. ఊరికే తగిలేవాళ్ళకు కాసేపు నొక్కిపట్టుకుంటేనే లెక్కలోకి తీసుకునే సెట్టింగ్ ఉంది. వదలడం కష్టమైనవాళ్ళ విషయంలో దీన్ని థెరపిస్టుతో కూర్చుని చూసుకోవాలి.

అక్షరాల దగ్గర ఇంకో లెక్క. తెలుగులో 56 అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి 2 సెకన్ల చొప్పున పోతే చివరి అక్షరానికి 112 సెకన్లు. అదే 7 వరసలు, 8 నిలువులుగా పేర్చి, ముందు వరస, తర్వాత అక్షరం ఎంచుకునేలా పెడితే ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు. గుణింతాలు, ఒత్తులు వేరే! అందుకే చదువు రాని పిల్లలకు అక్షరాలతో మొదలుపెట్టకూడదు. నాలుగు బొమ్మలు చాలు. చదువు వచ్చినవాళ్ళకు తరచూ వాడే మాటలు పైవరసలో పెట్టాలి.

ఏ భాషలో, ఎవరి గొంతుతో

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, థెరపీ సెంటర్లో ఇంగ్లీషు. మన పిల్లలకు ఇది మామూలే. పరికరంలో మాత్రం ముందు ఇంటి భాషే ఉండాలి. "అమ్మీ, ఇధర్ ఆవ్" అని పలికితే వంటింట్లోంచి మనిషి వస్తుంది, ఇంగ్లీషులో "హెల్ప్ మీ" అంటే నానీ తల తిప్పి కూడా చూడదు. గొంతు వీలైతే అదే వయసు పిల్లది పెట్టండి. పద్నాలుగేళ్ళ అమ్మాయి నోట మామూ గొంతు వస్తే నవ్వులాట అవుతుంది, ఆ పిల్ల ఇక దాన్ని ముట్టదు.

మొదటి రోజే "ఎర్ర బంతి ఏది? ఆవు ఏది?" అని అడగొద్దు. రోజంతా పరీక్షలు పెడితే ఎవరు మాట్లాడతారు? పిలవడం, పాట పెట్టుకోవడం, సలాం చెప్పడం, వీటితో మొదలుపెట్టాలి. "ఇంకా కావాలి" అన్న మాటతో పాటు "వద్దు" అన్న మాటా ఉండాలి. చాలామంది రెండోది పెట్టరు. అల్లరి చేసిందని స్విచ్ తీసి పక్కన పెట్టడమూ ఉంది, అది నోరు నొక్కేయడమే.

ఇక సాయం దొరికే చోట్లు. ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఇద్దరూ చూడటం మేలు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో, జిల్లా ఆస్పత్రుల్లోని డి.ఇ.ఐ.సి. కేంద్రాల్లో కూడా అడగాలి. పరికరాలకు కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఎడిప్ పథకం ఉంది. దానికి 40 శాతం వైకల్యం ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కావాలి. సదరం సర్టిఫికెట్ ఉన్నా యూడీఐడీ కార్డు తీసుకోనివాళ్ళు ముందు ఆ పని చూసుకోండి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. స్విచ్ కావాలని మీరు నోరు తెరిచి అడగాలి. అడక్కపోతే చక్రాల కుర్చీ ఇచ్చి పంపేస్తారు.

వయసుతో, జబ్బుతో కదలిక మారుతుంది. ఏఎల్ఎస్, కండరాల క్షీణత ఉన్నవాళ్ళకు చెయ్యి ఇంకా పనిచేస్తుండగానే తర్వాతి చోటు ఏదో చూసిపెట్టుకోవాలి. మిగతావాళ్ళకు ఆరు నెలలకోసారి ఆ ఇరవైసార్ల లెక్క మళ్ళీ వేస్తే చాలు. వైరు తెగడం మామూలే, ఇంకొకటి ఇంట్లో ఉంచుకోండి.

మన అమ్మాయి ఇంట్లో మొదటి వారం బెల్లు రోజుకు నలభైసార్లు మోగుతుంది. అమ్మీకి విసుగొస్తుంది, నానీ బ్యాటరీ తీసేయమంటుంది. తీయకూడదు. నొక్కితే నిజంగా మనిషి వస్తుందా అని ఆ పిల్ల చూస్తోంది, పద్నాలుగేళ్ళలో ఆ అవకాశం ఇదే మొదటిసారి. రెండో వారానికి మోత తగ్గుతుంది. అప్పుడు కుడి మోకాలి వైపు రెండో స్విచ్ పెట్టి, ఖాలా కూతురి గొంతుతో "నక్కో" అని రికార్డు చేస్తారు. ఆ పూట కిచిడీ గిన్నె దగ్గరికి రాగానే అది మూడుసార్లు మోగుతుంది.